చక్రముల మీది ఇల్లు



తొలకరి రాకమునుపు మన పల్లెలలో ఇంటి యజమాని ఒకమారు కప్పువైపు తలయెత్తి చూచును. తాటాకు ఎక్కడ చివికినదో, పెంకు ఎక్కడ పగిలినదో కనిపెట్టి, మబ్బు పట్టకముందే సరిచేసికొనును. అట్లు చేయనివాడు శ్రావణమాసపు అర్ధరాత్రి లేచి, చెంబులు, సత్తుగిన్నెలు చుక్కల క్రింద పెట్టుచు ఇల్లంతయు తిరుగవలసి వచ్చును. ఈ సంగతి మీరందరు ఎరిగినదే. ఇప్పుడు మీకు చెప్పబోవునది దూరదేశపు కథ. అయినను దాని వేరు ఈ కప్పు సంగతిలోనే యున్నది. అది చక్రముల మీద కట్టిన ఇండ్ల కథ. వాటిని చేసినవారు ఆ పని మానుకొనిన తరువాత, కొన్నవారు వాటిని బ్రతికించుకొనుచున్న కథ.

మోటారు ఇల్లు అనగా ఏమి? మన పెద్దలు గూడుబండి కట్టుకొని దూరపు సంతకో, చుట్టముల పెండ్లికో పోవునప్పుడు, గూడు క్రింద గడ్డి పరచి, దానిమీద బొంత వేసి, పిల్లలను నిద్రబుచ్చెడివారు. అన్నపు మూట, నీళ్ల ముంత లోపల ఉండెడివి. కందెన గొట్టము బండిక్రింద వ్రేలాడుచుండెడిది. మన దేశమునకు వచ్చిన మిషనరీలును డేరాలు బండ్లకెత్తుకొని నెలల తరబడి ఊరూరు తిరిగినవారే. అట్టి గూడుబండికి ఎడ్లకు బదులు ఇంజను పెట్టి, గూటిలో పొయ్యి, మంచము, నీళ్లతొట్టి, మరుగుదొడ్డి అమర్చినయెడల అదియే మోటారు ఇల్లు. నడుపువాడు తన ఇంటి ముందుగదిలో కూర్చుండియే ఇంటిని నడుపును.

బండి ఇల్లైన విధము

ఈ తలంపు మోటారుకంటె ముందే పుట్టినది. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు దేశస్థుడు, ఇంగ్లీషు నౌకాదళములో వైద్యుడుగా పనిచేసి విరమించినవాడు, బ్రిస్టలు పట్టణములోని ఒక బండ్ల కంపెనీచేత ఇంటిబండి నొకదానిని కట్టించెను. దానిని రెండు గుర్రములు లాగెను. బరువు సుమారు రెండు టన్నులు. దానికి ‘వాండరర్’, అనగా సంచారి, అని పేరు పెట్టెను. ఆ సంవత్సరమే దక్షిణ ఇంగ్లండునుండి బయలుదేరి స్కాట్లండులోని ఇన్వర్నెస్ వరకు పోయి, మరుసటి సంవత్సరము ఆ ప్రయాణమును గూర్చి గ్రంథము ప్రకటించెను. పొట్టకూటికొరకు గాక వేడుకకొరకు ఇంటిబండిలో తిరిగిన మొదటివారిలో అతనిని లెక్కించుదురు. కట్టి నూటనలుబది ఏండ్లైనను ఆ బండి నేటికిని నిలిచియున్నది.

మోటారు వచ్చిన పిమ్మట, 1910లో పియర్స్ యారో అను అమెరికా కంపెనీవారు న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో ఒక కారును చూపించిరి. దాని వెనుక సీటు మంచముగా మారును. చేతులు కడుగుకొను తొట్టియు దానిలో గలదు. అది ధనవంతుల బండి. సామాన్యులు తమ ఫోర్డు కార్లకు గుడారములు కట్టుకొని, డబ్బాలలోని ఆహారము తినుచు తిరిగిరి. అట్టివారు 1919లో ఫ్లారిడా రాష్ట్రమందలి టాంపా పట్టణములో కూడి ఒక సంఘముగా ఏర్పడి, ‘రేకుడబ్బా యాత్రికులు’ అను భావముగల పేరు పెట్టుకొనిరి. డబ్బా తిండి అని నవ్వినవారి మాటనే వారు బిరుదుగా తీసికొనిరి.

జర్మనీలో 1950లో ఫోక్స్‌వాగన్ కంపెనీవారి చిన్న వాను బయటికి వచ్చెను. మరుసటి ఏట వెస్ట్‌ఫాలియా అను సంస్థవారు ఆ వానులో ఇమిడిపోవు మంచము, బీరువా, బల్ల అమర్చి అమ్మిరి. 1960, 1970 దశకములలో ఐరోపా యువకులనేకులు ఇట్టి వానులలో టర్కీ, ఇరాను, ఆఫ్గనిస్థాను, పాకిస్థాను దేశముల మీదుగా మన దేశమునకు వచ్చిరి. 1979లో ఇరానులో విప్లవము, ఆఫ్గనిస్థానులో రష్యావారి సైన్యము వచ్చిన తరువాత ఆ దారి మూతపడెను.

అమెరికాలో రే ఫ్రాంక్ అను మిచిగన్ రాష్ట్రవాసి 1958లో తన కుటుంబము సెలవులకు పోవుటకని డాడ్జి లారీ చట్రము మీద ఒక ఇల్లు కట్టెను. చూచినవారు తమకును కావలెననగా అది కర్మాగారముగా మారెను. అదే కాలమున అయోవా రాష్ట్రములోని ఫారెస్ట్ సిటీ అను చిన్న ఊరిలో సేద్యము దెబ్బతిని, పడుచువారు ఊరు విడుచుచుండిరి. జాన్ హాన్సన్ అను సామానుల వర్తకుడు, మరికొందరు ఊరిపెద్దలు కూడి, పని కల్పించవలెనని 1958లో అక్కడికి ఒక ఇంటిబండ్ల కర్మాగారమును రప్పించిరి. అదియే విన్నెబాగో కంపెనీ అయ్యెను. 1966లో అక్కడ మోటారు ఇండ్లు తయారగుట మొదలాయెను. వెల తక్కువ గనుక మధ్యతరగతివారును కొనగలిగిరి. ఒక పల్లెటూరి దిగులులోనుండి ఆ పేరు దేశమంతటికి ప్రాకినది.

చేసినవారు విడిచిన బండి

ఇప్పుడు ఒక్క బండిని తీసికొని నింపాదిగా చూతము. జనరల్ మోటార్స్ అను మహా కంపెనీవారు తమ జి.ఎం.సి. శాఖ ద్వారా 1973లో ఒక మోటారు ఇల్లు అమ్మకమునకు తెచ్చిరి. ఇతరులు లారీ చట్రము కొని దానిమీద పెట్టె కట్టిరి. వీరు చట్రమునుండి కప్పువరకు అంతయు తామే యోచించి చేసిరి. పొడవు రెండు విధములు: 23 అడుగులు, 26 అడుగులు. పెద్దదాని నిండు బరువు సుమారు ఐదు టన్నులు.

దాని వింత యేమనగా, ఇంజను శక్తి ముందుచక్రములకే పోవును. వెనుకకు తిరుగుడు కడ్డీ లేదు. మన బండికి ఇరుసు ఈ చక్రమునుండి ఆ చక్రమువరకు అడ్డముగా నుండును గదా. ఈ బండి వెనుకభాగమున అట్టి అడ్డ ఇరుసే లేదు. ఒక్కొక్క ప్రక్క రెండేసి చక్రములు ఒకదానివెనుక నొకటి చేతులవంటి ఇనుప కమ్మీలకు తగిలింపబడి, ఆ రెంటి నడుమ గాలి నింపిన రబ్బరు తిత్తి ఒకటి యుండును. ఆ తిత్తియే బరువు మోయును. అడ్డమేమియు లేదు గనుక ఇంటి నేల భూమికి సుమారు ఒకటింపావు అడుగు ఎత్తులోనే యున్నది. ముసలమ్మ సైతము ఒక్క మెట్టుతో ఎక్కగలదు. పైభాగము అల్యూమినియము, ఫైబరుగ్లాసు. గోడల నడుమ వేడిని ఆపు నురుగు.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఆపుటతో ధర అమాంతముగా పెరిగెను. పెట్రోలు త్రాగు పెద్ద బండ్లకు గడ్డుకాలము వచ్చెను. అది చాలదన్నట్లు, ఈ ఇంటికి ఇంజను, గేరుపెట్టె ఇచ్చుచున్న టొరొనాడో కారు 1979 నమూనాకు చిన్నదై మారిపోవుచుండెను. 1978లో కంపెనీవారు ఈ బండి చేయుట మానిరి. అప్పటికి చేసినవి సుమారు 13 వేలు మాత్రమే. అంత పెద్ద కంపెనీకి అది చిన్న లెక్క. కాని బండి కొన్న కుటుంబమునకు అది ఇల్లు. చేసినవాడు చాలించెనని ఇల్లు ఎవరు పారవేయుదురు?

నేటికి నాలుగు పదులు దాటి ఏండ్లు గడచినవి. అయినను ఆ బండ్లు వేలకొలది నేటికిని తిరుగుచున్నవి. ఎట్లు? ఉన్నవారు సంఘములుగా కూడిరి. ఒకడు తిత్తి మార్చు ఉపాయము కనుగొని పదిమందికి నేర్పెను. మరియొకడు దొరకని భాగమును తన కార్ఖానాలో చేయించి అందరికి అందించెను. కంపెనీవారు పూర్వము అచ్చువేసిన మరమ్మతు పుస్తకములను భద్రపరచి పంచుకొనిరి. ఇది పెద్ద డబ్బుతో జరిగిన పని కాదు. తెలిసినదానిని దాచుకొనకుండుటవలన జరిగిన పని.

నీళ్లు అను దొంగ

ఇట్టి పాత బండిని బాగుచేయబోవువాడు మొదట వెదకవలసినది తుప్పును కాదు, ఇంజనును కాదు, నీళ్లను. కప్పుమీద రేకులు కలిసిన అతుకులు, గాలి కిటికీల అంచులు, దీపముల చుట్టు పూసిన లప్పము ఎండకు ఎండి పగులును. ఆ పగులు వెండ్రుకవాసి చాలును. నీరు లోనికి దిగి, గోడ మధ్యనున్న కర్ర వెంబడి ప్రాకి, ఎక్కడనో దూరముగా మరకయై కనబడును. మరకయున్నచోట రంధ్రముండదు. అందువలననే అనేకులు మరకను కప్పి, దొంగను లోపలనే విడిచిపెట్టుదురు. పైన చక్కని కాగితము అంటింపబడియుండును. లోపల ప్లైవుడ్డు అటుకులవలె పొరలు విడిపోయియుండును.

దీనికి పనివారు చేయు పరీక్ష సులువైనది. దబ్బనముతో నేలను, మూలలను మెల్లగా పొడిచి చూతురు. మెత్తగా దిగెనా, చివికినదన్నమాట. రంధ్రము కనుగొనుటకు ఒకడు లోపల కూర్చుండును. ఇంకొకడు బయట గొట్టముతో నీళ్లు పోయును. పైనుండి పోయరాదు, క్రిందినుండి మొదలుపెట్టి, కొంతసేపు ఆగి, కొంచెము కొంచెముగా పైకి పోవలెను. పైనుండి పోసినయెడల నీరు అన్ని అతుకులమీదను పారి, ఏది దోషియో తెలియదు. క్రిందినుండి పోయునప్పుడు నీరు ఎక్కడ లోనికి దిగునో అక్కడనే రంధ్రము. అది దొరికిన పిమ్మట పాత లప్పమును పూర్తిగా గీకివేయవలెను. పాతదానిమీద క్రొత్తది పూయుట పుండుమీద గుడ్డ కట్టుటయే. చివికిన కర్రను మంచి కర్ర తగులువరకు కోసివేసి, అప్పుడు క్రొత్తది అతుకవలెను.

ఈ పని కన్నులకు కనబడదు. మీ ఇంటికి వచ్చినవాడు మెచ్చుకొనడు. అందువలన తొందరపాటువాడు ముందుగా రంగు కొనును, పరుపులకు క్రొత్త గుడ్డ కుట్టించును. రెండు వర్షములు గడచుసరికి ఆ గుడ్డ బూజుపట్టును. డబ్బు పోవును, దానితోకూడ ఆశయు పోవును. బండి తోటమూలకు చేరి కోళ్లగూడగును. ఇట్లు సగములో విడువబడిన ఇండ్లు ఆ దేశములలో ఎన్నియో.

ప్రాణము మీది సంగతులు

నీళ్ల తరువాత బ్రేకులు. ఏండ్ల తరబడి నిలిచిన బండిలో బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ తేమ చక్రముల దగ్గరి చిన్న సిలిండర్లకు తుప్పు పట్టించును. మరియు పొడవైన కొండదారి దిగునప్పుడు వేడికి ఆ నీరు ఆవిరి యగును. కాలు నేలవరకు దిగును గాని బండి ఆగదు. రబ్బరు గొట్టము పైకి బాగుగానే కనబడును. లోపల ఉబ్బి మూసికొనిపోవును. అప్పుడు నొక్కిన ఆయిలు పోవునుగాని తిరిగి రాదు, చక్రము పట్టుకొని కాలిపోవును. కాబట్టి అనుభవజ్ఞులు వయసు మళ్లిన గొట్టములను పరీక్షించుచు కూర్చొనరు, మార్చివేయుదురు. పాత బ్రేకు పట్టీలలో రాతినార ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు గనుక గాలితో ఊదరు, తడిపి తుడుతురు.

టైరు సంగతియు ఇట్టిదే. ఇట్టి బండ్లు తిరుగునది తక్కువ, నిలుచునది ఎక్కువ. కాబట్టి టైరు అరుగదు. గీతలు క్రొత్తవానివలె ఉండును. కాని రబ్బరు వయసుతో పెళుసుబారి, వేగములో ఉన్నప్పుడు పగులును. 2000 సంవత్సరమునుండి చేసిన టైర్ల ప్రక్కన చివర నాలుగు అంకెలుండును. 2319 అని యున్నయెడల 2019వ సంవత్సరము 23వ వారములో చేసినదని అర్థము. ఇది మీ ఊరి జీపుకు, ట్రాక్టరు ట్రాలీకిని పనికివచ్చు సంగతి. రేపే పోయి చదివి చూడుడి.

పెట్రోలు గొట్టములు మరింత భయంకరము. ఇప్పటి పెట్రోలులో కలుపు సారాయము పాతకాలపు రబ్బరును తినివేయును. ఆ బండ్లలో ఇంజను నడుపువాని ప్రక్కనే, నేలక్రింద నుండును. ఒక్క చుక్క వేడి ఇనుముమీద పడిన చాలును, ఇల్లే కాలిపోవును. గ్యాసు గొట్టముల అతుకులకు సబ్బు నురుగు పూసి, బుడగ లేచునేమో చూతురు. అగ్గిపుల్లతో ఎన్నడును చూడరాదు. జాకీమీదనో, గాలితిత్తుల మీదనో నమ్మకముంచి బండిక్రింద దూరరాదు. గట్టి దిమ్మెలు పెట్టిన తరువాతనే దూరవలెను.

మంటతో చలి

ఈ ఇండ్లలో ఒక చిత్రమైన వస్తువు కలదు. అది మంటతో చల్లబడు పెట్టె. 1922లో స్వీడను దేశమందు ఫాన్ ప్లాటెన్, ముంటెర్స్ అను ఇద్దరు విద్యార్థులు దీనిని కనిపెట్టిరి. దానిలో తిరుగు యంత్రమేదియు లేదు, చప్పుడు లేదు. చిన్న మంట గొట్టమును వేడిచేయగా, నీటిలో కలిసియున్న అమ్మోనియా ఆవిరియై పైకిపోవును. అక్కడ చల్లారి ద్రవమై, మరల ఆవిరి యగునప్పుడు పెట్టెలోని వేడిని లాగుకొనును. పిమ్మట నీటిలో కలిసి, తన బరువుచేతనే క్రిందికి చేరును. అది తన బరువుతోనే పారవలెను గనుక బండి సమముగా నిలువవలెను. వాలుగా నిలిపి మంట వెలిగించినవాడు పెట్టెను తానే పాడుచేసికొనును. పెట్టె వెనుక పసుపుపచ్చని పొడి కనబడెనా, గొట్టము పగిలినదని తెలిసికొనవలెను. అది ఇంటిలో బాగుపడునది కాదు. బాగుపడునదేదో, పడనిదేదో ఎరుగుటయు పనితనమే.

ఫోక్స్‌వాగన్ వానులలో ఇంజనును చల్లార్చునది నీరు కాదు, గాలి. పాత నమూనాలలో ఆయిలు చల్లార్చు భాగము గాలిదారికి అడ్డముగా నుండుటచేత మూడవ సిలిండరుకు గాలి తక్కువగా అందును. అక్కడనే కవాటము విరుగుట సాధారణము. యజమాని మైళ్లు లెక్కించి కవాటముల సందును తానే సరిచూచుకొనుచుండినయెడల ఆ ఇంజను చాలకాలము నడచును. 1969లో జాన్ మ్యూర్ అను ఇంజనీరు, మరమ్మతు ఏమియు ఎరుగనివానికి సైతము అర్థమగునట్లు ఈ బండ్ల మరమ్మతు గ్రంథము ప్రకటించెను. దానిని చూచుకొని స్పానరు పట్టినవారు లెక్కకు మించియున్నారు.

ఎంతవరకు పాతది, ఎంతవరకు క్రొత్తది?

ఇక్కడ ఒక తగవు గలదు. కొందరు, ప్రతి మరయు తొలుత ఉన్నట్లే ఉండవలెనందురు. కొందరు, బ్రేకులు, దీపములు నేటివి పెట్టినగాని పిల్లలను ఎక్కించరాదందురు. రెండు మాటలును నిజమే. బండి ఎక్కడికి పోవునదో దానినిబట్టి తేల్చుకొనవలెను. అమెరికాలో చార్లెస్ కురాల్ట్ అను విలేఖరి 1967 మొదలు మోటారు ఇండ్లలో చిన్న ఊళ్లు తిరిగి, సామాన్యుల కథలను టెలివిజనులో చెప్పెను. అతడు వాడిన 1975 నాటి బండి ఒకటి హెన్రీ ఫోర్డు పేరుగల ప్రదర్శనశాలలో నున్నది. అది ఇక దారి పట్టదు గనుక దానిని ఉన్నది ఉన్నట్లు కాపాడుట ధర్మము. కాని దారిమీదికి పోవు బండికి లోపలివారి ప్రాణము ముఖ్యము. తెలివిగలవారు తీసిన ప్రతి భాగమునకు చీటి కట్టి, డబ్బాలో పెట్టి, పుస్తకములో వ్రాసియుంచుదురు. తరువాతివాడు కోరినయెడల పాతది మరల పెట్టుకొనవచ్చును.

చదువరులారా, ఇప్పుడు ఆ బండ్లవారికి మిగిలిన పెద్ద కొరత ఇనుప భాగములు కాదు. తిత్తి మార్చుట, తుప్పుపట్టిన బోల్టును విరుగకుండ తీయుట, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పుట ఎరిగినవారు ముసలివారైరి. వారిలో కొందరు వెళ్లిపోయిరి. పుస్తకములో లేని విద్య వారి చేతులతోనే పోవును. మన ఊళ్లలోను చూడుడి: బండిచక్రమునకు ఎర్రగా కాచిన ఇనుప పట్టా తొడిగి, నీళ్లు పోసి బిగింపగల కమ్మరి ఎందరు మిగిలిరి? ఆకులు, కుండ సరిగా కుదుర్చు వడ్రంగి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుచున్న కుఱ్ఱవాడు ఎక్కడ?

కాబట్టి దూరదేశపు కథయని దీనిని ప్రక్కన పెట్టవలదు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, గుడి చుట్టు ఒకసారి తిరిగి కప్పు చూడుడి. మరక కనబడినయెడల దానిమీద సున్నము పూయవలదు. నీరు ఎక్కడ దిగుచున్నదో క్రిందినుండి పైకి వెదకుడి. ఊరిలో ఆ పని తెలిసిన పెద్దవాడుండినయెడల అతనిని పిలుచుకొని రండి. నిచ్చెన పట్టుకొనుటకు ఒక పడుచువానిని తోడు తెండి. ముసలివాడు కప్పు సరిచేయును, పడుచువాడు నేర్చుకొనును. రెండవది జరుగనియెడల మొదటిది మరల చేయువారుండరు.